పీహెచ్‌డీ తర్వాత ట్రైనింగ్ డిజైన్: ఓరుగల్లు స్కాలర్లను తికమక పెడుతున్న ఈ ఉద్యోగం అసలేంటి?

ఈమధ్య హన్మకొండలో ఏ రీసెర్చ్ స్కాలర్‌ని కదిలించినా ఒకటే ప్రశ్న. జాబ్ సైట్లలో "ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్", "లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్" అని కనిపిస్తున్నాయి కదా, అవి మనలాంటివాళ్లకు పనికొస్తాయా, లేక చేసిన పీహెచ్‌డీ పక్కన పెట్టి స్లైడ్లు చేసుకుంటూ కూర్చోవడమేనా? ఇంట్లోవాళ్ల మాట ఇంకా సూటిగా ఉంటుంది: "గింత చదివి కంపెనీల ట్రైనింగు పాఠాలు రాసుడేందిరా?"

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వస్తోందో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్, సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి కనీస అర్హతగా చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు అని యూజీసీ చెప్పేసింది. మరోవైపు తెలంగాణ వచ్చాక యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టుల భర్తీ దాదాపు ఆగిపోయింది, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ మీదే డిపార్ట్‌మెంట్లు నడుస్తున్నాయి. 2023 జనవరి నుంచి పరిశోధకులకిచ్చే ఫెలోషిప్‌లలో జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు అయింది, సంతోషమే, కానీ రెండూ కలిపి ఐదేళ్లే. ఆ తర్వాత ఏంటన్నదే టెన్షన్. నేనూ పరిశోధన నుంచి ఈ పనిలోకి వచ్చినవాడినే కాబట్టి, లోపలి నుంచి కనిపించేది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

## అసలు ఈ పనిలో చేసేదేంటి

పెద్దవాళ్లకు, అంటే ఉద్యోగంలోనో వ్యవసాయంలోనో ఏదో పనిలో ఉన్నవాళ్లకు, ఒక పని సరిగ్గా చేయడం వచ్చేలా నేర్చుకునే ఏర్పాటు చేయడం. ఆ ఏర్పాటు వీడియో కావొచ్చు, రెండు గంటల వర్క్‌షాప్ కావొచ్చు, గోడకు అతికించే ఒక చార్టు కావొచ్చు. పాఠం చెప్పేది వేరొకరు. విషయం తెలిసిన నిపుణుడూ చాలాసార్లు వేరొకరే, ఆయన్ని ఈ రంగంలో ఎస్‌ఎంఈ అంటారు. డిజైనర్ ఈ ఇద్దరికీ, నేర్చుకునేవాళ్లకీ మధ్య ఉంటాడు. ఎవరికి ఏం రావట్లేదో కనుక్కుంటాడు, ఎందుకు రావట్లేదో చూస్తాడు, స్టోరీబోర్డు, అంటే ఏ తెర మీద ఏం కనిపించాలో, వినిపించాలో చెప్పే స్క్రిప్టు రాస్తాడు, కొందరి మీద పరీక్షించి మారుస్తాడు.

ఇది కంప్యూటర్లతో పుట్టిన పని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది సైనికులకు తక్కువ టైములో పని నేర్పాల్సి వచ్చినప్పుడు అమెరికా సైన్యం సైకాలజిస్టులను పిలిపించింది. రాబర్ట్ గాన్యే లాంటివాళ్లు అక్కడి నుంచే వచ్చారు. తర్వాత 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అదే సైన్యం కోసం తయారుచేసిన పద్ధతి నుంచి అడ్డీ అనే మోడల్ వచ్చింది: విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మదింపు. అంటే ఈ రంగాన్ని మొదలుపెట్టినవాళ్లే పరిశోధకులు. మన దగ్గర స్కాలర్లు దీన్ని పరాయి రంగంలా చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

రెండు పేర్ల మధ్య తేడా గురించి చాలా వాదనలు నడుస్తాయి. లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్ అన్నప్పుడు నేర్చుకునేవాళ్ల అనుభవం మొత్తాన్ని, యాప్ ఎలా ఉందన్నదాని దగ్గర్నుంచి క్లాసు అయిపోయాక ఏం జరుగుతుందన్నదాకా, చూసుకోవాలని అర్థం. మన కంపెనీల ప్రకటనల్లో మాత్రం రెండు పేర్ల కిందా దాదాపు ఒకే పని ఉంటుంది. పేరు వదిలేసి కింద రాసిన బాధ్యతలు చదివితే విషయం తెలుస్తుంది.

## పెద్దవాళ్లు నిజంగానే వేరుగా నేర్చుకుంటారా

మాల్కమ్ నోల్స్ అనే అమెరికన్ 1970లో గట్టిగా వాదించాడు, అవునని. పెద్దవాళ్లకు ఎందుకు నేర్చుకోవాలో ముందు తెలియాలి, వాళ్ల అనుభవానికి విలువ ఇవ్వాలి, నేర్చుకున్నది వెంటనే పనికి రావాలి, తమ నిర్ణయం తామే తీసుకునే అవకాశం ఉండాలి అన్నాడు. ట్రైనింగ్ ప్రపంచం దీన్ని వేదంలా పట్టుకుంది. విమర్శకుల మాట వేరు: ఇవన్నీ పిల్లలకూ వర్తించేవే కదా, ఏ పదేళ్ల పిల్లాడికి మాత్రం ఎందుకు నేర్చుకుంటున్నాడో తెలిస్తే చేదు? పైగా కొత్త విషయంలో పెద్దవాడు కూడా ఓనమాల దగ్గరే మొదలుపెట్టాలి. 1980 వచ్చేసరికి నోల్స్ తానే తన మాట సడలించుకున్నాడు. పిల్లల పద్ధతి, పెద్దల పద్ధతి ఎదురెదురు కావు, పరిస్థితిని బట్టి అటో ఇటో జరుగుతుంటాయి అన్నాడు.

నాకైతే తేడా వయసులో కనపడలేదు, ముందే ఉన్న అనుభవంలో కనపడింది. సింగరేణి సంగతే తీసుకోండి. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం గనిలో దిగే ముందు శిక్షణ తప్పనిసరి, మధ్యమధ్యలో రిఫ్రెషర్లూ ఉంటాయి. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో అదే గదిలో నిన్న చేరిన కుర్రాడు, ఇరవై ఏళ్లుగా దిగుతున్న మైనింగ్ సర్దార్ (గనిలో పనిని, భద్రతను చూసే సూపర్‌వైజర్) పక్కపక్కన కూర్చున్నారనుకోండి. కుర్రాడికి ఒక్కో మెట్టు విడగొట్టి, చేసి చూపించి, పక్కన నిలబడి చేయించాలి. సర్దార్‌కు అదే పాఠం చెబితే విసుగు మాత్రమే కాదు, నేర్చుకోవడమే దెబ్బతింటుంది. ఇది ఊహ కాదు. మనిషి ఎలా నేర్చుకుంటాడో పరిశోధించే సైకాలజిస్టు జాన్ స్వెల్లర్ బృందం పరిశోధనల్లో తేలింది ఇదే: కొత్తవాళ్లకు మేలు చేసే వివరమైన సహాయం అనుభవజ్ఞులకు అడ్డం పడుతుంది. సర్దార్‌కు కావాల్సింది ఒక చిక్కు పరిస్థితి, దాని మీద వాదించుకునే అవకాశం.

స్కాలర్లు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మనం ఏళ్ల తరబడి తడుముకుంటూ సొంతంగా నేర్చుకున్నవాళ్లం కాబట్టి అందరూ అలాగే "కనుక్కుని" నేర్చుకోవాలని అనిపిస్తుంది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం దీన్నే తప్పుపట్టింది, కొత్తవాళ్లను దారి చూపకుండా వదిలేస్తే పని జరగదని. దానికి జవాబులూ గట్టిగానే వచ్చాయి, సమస్య ఆధారంగా నేర్పే పద్ధతుల్లో దారి చూపడం ఉంటుంది, మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు అని. ఈ చర్చ ఇంకా తెగలేదు.

## ఒకే విషయం, రెండు పాఠాలు: పత్తిలో గులాబీ పురుగు

ఉదాహరణ లేకుండా ఈ పని అర్థం కాదు. కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన ఒక స్కాలర్‌కు పరకాల, నర్సంపేట వైపు పత్తి రైతులకు గులాబీ రంగు పురుగు మీద శిక్షణ తయారుచేయమని చెప్పారనుకుందాం.

మొదటి ప్లాన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అలాంటివి చాలా చూశాను. పురుగు వర్గీకరణ, జీవితచక్రం, 2002లో బీటీ పత్తికి అనుమతి, 2006లో రెండు బీటీ ప్రొటీన్లున్న బీజీ-2 రాక, ఆ ప్రొటీన్లు ఎలా పనిచేస్తాయి, పురుగు వాటిని తట్టుకునే శక్తి ఎలా తెచ్చుకుంది, సమగ్ర యాజమాన్యం, ప్రశ్నలు-జవాబులు. ఒక్క తప్పు ఉండదు. రైతు వేదికలో రెండు గంటలు చెప్తే అందరూ వింటారు, టీ తాగి వెళ్తారు.

డిజైనర్ అడిగే ప్రశ్న వేరు. ఈ రైతు ఏ రోజు, ఎక్కడ నిలబడి, ఏ నిర్ణయం తీసుకోవాలి? ఈ రోజు మందు కొట్టాలా వద్దా, అదీ నిర్ణయం. ఇప్పుడు ఆ నిర్ణయం ఎలా జరుగుతోంది? పక్క చేనులో కొట్టారని, మందుల షాపాయన చెప్పాడని, కాయ పైకి బాగానే ఉంది కదా అని. ఆఖరిది మరీ ప్రమాదం, ఎందుకంటే పిల్ల పురుగు లోపలికి వెళ్లాక కాయ మీది రంధ్రం పూడిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

నిర్ణయానికి కావాల్సిన కొలతలు కొన్నే. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి మగ పురుగులను పట్టే బుట్ట) రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు రోజుకు 8 చొప్పున పడ్డాయా? పూలలో గుడ్డి పూలు, అంటే పురుగు లోపల ఉండి విచ్చుకోని పూలు, నూటికి పది దాటాయా? పచ్చి కాయలు 20 కోసి చూస్తే రెండింటిలో బతికున్న పురుగు ఉందా? ఇంతే. ఇక పాఠం మొత్తం వీటిని వాడటం చేతికి అలవాటయ్యేలా ఉండాలి. మూడు చేన్ల లెక్కలు ముందు పెడతాం. మొదటి చేనులో మూడు రోజుల్లో 9, 8, 11. రెండో చేనులో 14, 3, 9. మూడో చేనులో బుట్టలో 4, 5, 4, కానీ కోసిన ఇరవై కాయల్లో మూడింట్లో పురుగు. ఎవరు కొట్టాలి? మొదటి చేనుకు సమాధానం అందరూ చెప్తారు. రెండో చేను దగ్గర గొడవ మొదలవుతుంది, 14 చూసి భయపడినవాళ్లు కొట్టాలంటారు, వరుసగా లేదు కదా ఆగి చూడాలని ఇంకొకరు అంటారు. మూడో చేను దగ్గర బుట్ట ఒక్కటే నమ్ముకుంటే సరిపోదని వాళ్లే అంటారు, అక్కడి నుంచి ఎర పాతదైతే బుట్ట తక్కువ చూపిస్తుందన్న మాటా వస్తుంది.

శాస్త్రం ఎక్కడికీ పోలేదు. జీవితచక్రంలో ఒక్క ముక్క మిగిలింది: పురుగు కాయలోకి దూరాక మందు దానికి తగలదు. ఆ కారణం తెలియకపోతే ఎందుకు ముందే లెక్కపెట్టాలో రైతుకు అర్థం కాదు కాబట్టి అది ఉండాలి. ప్రొటీన్ పేర్లు ఆ నిర్ణయాన్ని మార్చవు కాబట్టి పక్కకు పోయాయి. స్కాలర్‌కు ఇక్కడే కడుపు తరుక్కుపోతుంది. ఐదేళ్లు ఏ ప్రొటీన్ మీద పని చేశామో అదే పాఠంలో ఉండదు! థీసిస్‌లో ఏదైనా వదిలేస్తే వైవాలో దొరికిపోతాం, అందుకే అన్నీ పెట్టడం అలవాటు. ఇక్కడ ప్రతి అదనపు వాక్యం నేర్చుకునేవాడి బుర్ర మీద పడే బరువు. పరిశోధన నుంచి ఈ పనిలోకి రావడంలో అసలు మార్పు ఇదేనని నేను నమ్ముతాను, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం దీని ముందు చాలా చిన్న పని. "ఇది నిజమేనా, కొత్తదేనా" అని అడగడం నుంచి "ఇది తెలిస్తే ఈ మనిషి రేపు ఏం వేరుగా చేస్తాడు" అని అడగడానికి మారాలి.

## ట్రైనింగ్‌తో తీరని సమస్యలు

మంచి డిజైనర్ కొన్నిసార్లు "మీకు ట్రైనింగ్ అక్కర్లేదు" అని చెప్తాడు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు వచ్చే ధాన్యంలో తేమ 17 శాతం దాటుతోంది, రైతులకు అవగాహన సదస్సు పెడదాం అని ఎవరో అన్నారనుకోండి. ట్రైనింగ్ మీద పుస్తకాలు రాసిన రాబర్ట్ మేగర్ ఇలాంటి చోట వేయమన్న ప్రశ్న ఒకటుంది: ప్రాణం మీదికి వస్తే ఈ మనిషి ఆ పని చేయగలడా? చేయగలిగితే లోపం తెలియకపోవడంలో లేదు. వడ్లు ఆరబెట్టాలని తెలియని రైతు మన జిల్లాల్లో ఎవరున్నారు? హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి, ఆరబోయడానికి కల్లం లేక రోడ్డు మీద పోస్తారు, వాన వస్తే కప్పడానికి టార్పాలిన్లు దొరకవు. వీటికి సదస్సు జవాబు కాదు. తేమ మిషన్ వాడే సెంటర్ నిర్వాహకురాలికి మాత్రం శిక్షణ ఉపయోగపడొచ్చు, ఏ మూట నుంచి, ఎంత లోతు నుంచి శాంపిల్ తీయాలన్నది చూసి నేర్చుకునే పని కాబట్టి.

ఈ తేడా పసిగట్టడంలో పరిశోధకులు ముందుంటారు. ముందే జవాబు అనుకుని డేటాను దానికి తగ్గట్టు వంచకూడదని మనకు నేర్పింది పరిశోధనే.

## థీసిస్ నుంచి వెంట వచ్చేవి

అందరూ అనుకునేది సబ్జెక్టు నాలెడ్జ్ పనికొస్తుందని. చాలాసార్లు రాదు, కెమిస్ట్రీ డాక్టరేట్‌కు బ్యాంకు లోన్ల మీద కోర్సు చేయమని ఇస్తారు. పనికొచ్చేవి వేరే. కొత్త విషయాన్ని వారం పది రోజుల్లో లోతుగా చదవగలగడం, ఎవరి మాట నమ్మాలో తేల్చుకోగలగడం, అన్నిటికంటే ముఖ్యంగా మనుషులను కూర్చోబెట్టి ఓపిగ్గా అడగగలగడం. సోషియాలజీ, ఆంత్రోపాలజీ, తెలుగు జానపదం చదివి ఊళ్లు తిరిగినవాళ్లకు ఈ చివరిది బాగా వచ్చు, వాళ్లే ఈ రంగానికి తాము సరిపోమని అనుకుంటుంటారు.

అడగడం ఎందుకంత ముఖ్యమంటే, నిపుణుడికి తాను చేసేది తనకే పూర్తిగా తెలియదు. బొగ్గు గనిలో కప్పును రాడ్డుతో తట్టి, శబ్దాన్ని బట్టి గట్టిగా ఉందో వదులైందో చెప్పే పాత కార్మికుణ్ని ఎలా చెప్పావని అడగండి. "గంతే, ఇంటే తెలుస్తది" అంటాడు. ఆ "గంతే"ను విప్పాలి. రెండు శబ్దాలు పక్కపక్కన వినిపించి తేడా చెప్పమనాలి, పోయినసారి అనుమానం వచ్చినప్పుడు ఇంకేం చూశావని అడగాలి, ఎక్కడ తట్టడం మొదలుపెడతాడో, తాను ఎక్కడ నిలబడతాడో గమనించాలి. ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లకు ఇది తెలిసిన విద్యే.

అడ్డమొచ్చేవీ ఉన్నాయి. పరిశోధనలో పేపర్ మీద మన పేరుంటుంది, ఇక్కడ ఉండదు. అక్కడ రెండేళ్లు పట్టినా ఫర్వాలేదు, ఇక్కడ మూడు వారాలు. మనం రాసిన స్క్రిప్టును ఎస్‌ఎంఈ, క్లయింట్, వీడియో ఎడిటర్ అందరూ కోస్తారు. కొందరికి ఇది ఊపిరాడనట్టు ఉంటుంది, కొందరికి ఒంటరితనం పోయినట్టు ఉంటుంది.

## పాఠం పనిచేసిందని ఎలా తెలుస్తుంది

పరిశోధకులకు ఎక్కువ షాక్ ఇచ్చేది ఇదే. 1959లో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ నాలుగు స్థాయులు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం వచ్చిందా. చాలా చోట్ల మొదటిదాంతోనే సరిపెడతారు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకు నాలుగున్నర వస్తే పండగే. కానీ నచ్చడానికీ నేర్చుకోవడానికీ సంబంధం తక్కువ. రెండో స్థాయి పరీక్షనూ వెంటనే పెడితే నమ్మలేం. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో గుంపు చదివి, చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత చూస్తే రాసినవాళ్లదే. క్లాసు అవగానే ఇచ్చే టెస్టుతో ఎంత మోసపోతామో దీన్ని బట్టి తెలుస్తుంది.

నేర్చుకునే శైలులు, అంటే చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అన్న విభజన ఇంకా ట్రైనింగ్ గదుల్లో తిరుగుతూనే ఉంది. శైలికి తగ్గట్టు బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే పాష్లర్ బృందం సమీక్షలో తేల్చింది. ఇలాంటి చోట ఆధారం అడిగే మనిషి టీమ్‌లో ఒకరైనా ఉండటం చాలా అవసరం. అయితే ఆధారం అడిగే స్కాలర్ కూడా ఒకటి ఒప్పుకోవాలి: పాతికమంది ఉన్న బ్యాచ్‌లో, కంట్రోల్ గ్రూపు లేకుండా, నెల తర్వాత చేసే పది ఫోన్లే అక్కడ దొరికే డేటా. దాన్నిబట్టే నిర్ణయం తీసుకోవాలి.

## "ఇది జ్ఞానాన్ని కుదించేయడం కాదా?"

యూనివర్సిటీలో పెద్దవాళ్లు వేసే ఈ ప్రశ్న తేలిగ్గా కొట్టేయాల్సింది కాదు. ఏం చేయాలో మాత్రమే చెప్పి, ఎందుకో, ఎంతవరకు నిజమో తీసేస్తే మనిషి ఆదేశాలు పాటించేవాడిగా మిగిలిపోతాడు. బ్రెజిల్ విద్యావేత్త పావ్‌లో ఫ్రేరే అభ్యంతరం కూడా ఇలాంటిదే, చదువు పెద్దవాళ్లకు తమ పరిస్థితిని ప్రశ్నించే శక్తి ఇవ్వాలని ఆయన వాదన.

మన తెలుగు నేల మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో చదవడం నేర్చుకుంటున్న ఆడవాళ్ల పాఠంలో, సారా దుకాణం మూయించిన సీతమ్మ కథ వచ్చింది. దాన్ని చదివి, చర్చించుకుని, దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ ముందుండగా నిజంగానే సారాకు అడ్డం తిరిగారు. 1992లో అది ఊరూరికీ పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాన్ని ఈనాటి కంపెనీ పద్ధతిలో కొలిస్తే "నిమిషానికి ఎన్ని పదాలు చదవగలరు" అని కొలిచేవాళ్లం. అసలు జరిగింది ఆ కొలతలో ఎక్కడా కనపడేది కాదు.

పనితీరు వైపు వాదించేవాళ్లకూ బలమైన మాటే ఉంది. గనిలో గ్యాస్ పరీక్ష తప్పు చేస్తే ప్రాణం పోతుంది, అక్కడ ముందు చేతికి పని రావాలి. నా అభిప్రాయం ఏంటంటే పాఠం చేతికి పని నేర్పే మొదటి రకమా, ప్రశ్నించడం నేర్పే రెండో రకమా అన్నది ముందే తేల్చుకోవాలి. పత్తి రైతు పాఠంలోనూ "మందుల షాపాయన మాట మీద ఎందుకు ఆధారపడుతున్నాం" అన్న చర్చకు చోటుంటే అది రెండో రకం వైపు కూడా నడుస్తుంది, కాకపోతే ఆ చర్చకు డబ్బు పెట్టేవాళ్లు తక్కువ.

## చేరే దారులు, వాటి మీది వాదనలు

సర్టిఫికెట్ ఉండాలా? ఒక వాదన ప్రకారం పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ఇంకో కోర్సు దండగ, చేసి చూపించిన నమూనాలు చాలు. ఇంకో వాదన, ఈ రంగం భాష, అంటే అడ్డీ, కోర్సులు తయారుచేసే స్టోరీలైన్, వాటిని నడిపే మూడుల్, వాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పనిచేసేలా చేసే ప్రమాణం స్కార్మ్ లాంటివి తెలియకపోతే రెజ్యూమె మొదటి వడపోతలోనే పోతుందని. రెండూ నేను చూసినవే. విదేశీ కంపెనీలకు రిమోట్‌గా పనిచేసేచోట నమూనాలకు విలువ ఎక్కువ, హైదరాబాద్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ దగ్గర టూల్స్ పేర్లకు ఎక్కువ.

పని ఎక్కడుంది అంటే, చాలా వరకు హైదరాబాద్‌లోనే. మడికొండ ఐటీ పార్కు ఉన్నా ఇలాంటి పోస్టులకు అది ఇంకా ప్రధాన కేంద్రం కాలేదు. ప్రభుత్వం వైపు చూస్తే ఆన్‌లైన్ కోర్సుల కోసం 2003లో ఎన్‌పీటెల్, 2017లో స్వయం, ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణ కోసం 2020లో మిషన్ కర్మయోగి మొదలయ్యాయి, అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే ఎలక్ట్రానిక్స్ అండ్ ఐసీటీ అకాడమీ మన నిట్‌లోనే ఉంది. తెలుగులో పెద్దవాళ్లకు పాఠాలు బాగా తయారుచేయగలవాళ్లు తక్కువ, ఆశా వర్కర్లకు, మహిళా సంఘాల వీవోఏలకు (గ్రామ సంఘాల సహాయకులకు), గని కార్మికులకు అవసరం ఎక్కువ. కానీ తెలుగు పనికి ఇచ్చే రేటు ఇంగ్లిష్ పని రేటుకు దగ్గర్లో కూడా ఉండదు, అది చాలామందిని వెనక్కి లాగుతోంది.

చివరగా ఏఐ. స్క్రిప్టు, క్విజ్, వాయిస్ ఓవర్ ఇప్పుడు నిమిషాల్లో తయారవుతున్నాయి, కాబట్టి ఈ ఉద్యోగమే పోతుందని కొందరి భయం. ఇంకొందరు చౌకగా తయారైతే డిమాండ్ ఇంకా పెరుగుతుందంటున్నారు. నాకు కనిపిస్తున్నంతలో ముందు తగ్గేది ఆఫీసులో కూర్చుని ఇచ్చిన డాక్యుమెంట్‌ను స్లైడ్లుగా మార్చే ఎంట్రీ లెవెల్ పని, అంటే ఇప్పటిదాకా కొత్తవాళ్లు ఈ రంగంలోకి అడుగుపెట్టిన తలుపు. గని దగ్గరికి, సెంటర్ దగ్గరికి వెళ్లి, పనిచేసేవాళ్ల పక్కన నిలబడి ఎక్కడ తడబడుతున్నారో కనుక్కునే పని ఇంకా మనుషుల చేతిలోనే ఉంది, కానీ దానికి కావాల్సిన అనుభవం మొదటి ఉద్యోగానికే ఉండాలని కంపెనీలు అంటున్నాయి. ఫీల్డ్‌వర్క్ చేసిన స్కాలర్ దగ్గర ఆ అనుభవం ఇప్పటికే ఉంది, రెజ్యూమెలో "డేటా సేకరణ" అన్న ఒక్క లైను కింద.